పటంలో వదిలేసిన లోయ

భూముల శాఖ అధికారి గారికి,

మీ మూడో ఉత్తరమూ అందింది. గాలిమరలకు మీరు ఎంచిన లోయలో మా రెయిన్‌డీర్లు తిరగవని, మా పెద్దనాన్న హెయ్కా స్వయంగా గీసిచ్చిన పటంలోనే అది ఖాళీగా ఉందని రాశారు. ఖాళీగా ఉన్న మాట నిజమే.

మా మంద ఈనేది అక్కడే. మే నెలలో కుక్కల్ని కట్టేసి, మేము కూడా అటు వెళ్లం. మనిషి అలికిడైతే తల్లులు పిల్లల్ని వదిలి పారిపోతాయి.

ఎందుకు గీయలేదని పెద్దనాన్నను అడిగాను.

"ఈనే చోటు పరాయివాళ్లకి చూపిస్తారటే? మీ పెద్దమ్మకే పెళ్లయిన నాలుగేళ్లకి గానీ చూపించలేదు."

"ఇప్పుడైనా గీయి పెద్దనాన్నా. గాలిమరల కోసం అందులోంచి రోడ్డు వేసేస్తారు."

"గీస్తే ఆగుతారా? దారి చూపించినట్టవుతుంది."

ఆయనకు తెలియకుండా నేనిది రాస్తున్నాను. ఇదెంత తప్పో మీకెలా చెప్పాలో తెలియడం లేదు, చెప్పే ఓపికా లేదు.

నా పోరు పడలేక ఆయన మూడు రోజులు పెన్సిల్ పట్టుకు కూర్చుని మళ్లీ గీశారు. ఆ పటం జతచేస్తున్నాను. ప్రతి కొండా, ప్రతి వాగూ ఉన్నాయి. లోయ ఈసారీ ఖాళీయే. దయచేసి ఈసారి ఆ ఖాళీని చదవండి.

ఇట్లు,
హెయ్కా తమ్ముడి కూతురు