ఐదో నెలలో అత్తగారింటికి

శుక్రవారం రాత్రి, అల్ వక్రా, ఖతర్

కింది ఫ్లాట్ స్వప్నకు ఐదో నెల. నిన్న స్కాన్ తీసిన డాక్టరమ్మ, మళ్లీ ఆడపిల్లేనని మామూలుగా చెప్పేసిందట. ఇక్కడ అలా చెప్పడం నేరం కాదు. కారెక్కకముందే ఆమె భర్త రమేష్ ఊళ్లో ఉన్న తల్లికి ఫోన్ చేశాడు. ఈ రోజు భార్య ఒక్కదానికే ఊరికి టికెట్ తీశాడు.

"పురుడైతే పుట్టింటికి, అదీ ఏడో నెలలో. ఐదో నెలలో అత్తగారింటికి ఎందుకయ్యా?" అని నిలదీశాను.

"అమ్మకు పానం బాగుంటలేదక్కా. జెర చూసొస్తది."

మొన్ననే ఆ తల్లి వీడియో కాల్‌లో "దుబాయ్‌ల నా మనుమడు పుడుతడు" అని మురిసిపోయింది; ఆమెకు గల్ఫ్ అంతా దుబాయే. ఒక్క రాత్రిలో జబ్బు చేసిందా? అక్కడ దొంగచాటుగా గర్భం తీయించడానికే ఈ ప్రయాణం.

పుట్టేది ఎవరో ముందే తెలుసుకోవడం ఇక్కడ తల్లిదండ్రుల హక్కట. ఏం హక్కు? కడుపు స్వప్నది, తీర్పు అత్తది. మన దేశంలో చట్టం మూయించిన నోరు ఇక్కడ తెరుచుకుంటే, ఆ కబురు అందుకుని అక్కడ కత్తి నూరుతున్నారు.

సాయంత్రం స్వప్న వచ్చి తన పాస్‌పోర్టు నా చేతిలో పెట్టింది. "ఆయన అడుగుతే నీకు తెల్వదని చెప్పక్కా."

అబద్ధమెందుకు? నా దగ్గరే ఉంది, ఇవ్వనని మొహం మీదే చెబుతాను. కానీ చెప్పాక, ఆమె మళ్లీ అతనున్న ఆ కింది ఇంటికే కదా వెళ్లాలి...