జ్ఞాపకార్థ కూడికలో త్రీ నాట్ త్రీ

ఆదివారం, రాత్రి

ఆమె పోయి ఏడాదైంది. ఇవాళ చర్చిలో జ్ఞాపకార్థ కూడిక. ప్రార్థన అయ్యాక, ఆమె గురించి నాలుగు మాటలు చెప్పమని పాస్టరుగారు నన్ను పిలిచారు.

తండ్రితో మొదలుపెట్టి కూతురి దగ్గరికి వద్దామనుకున్నాను. మామగారు బర్మా యుద్ధంలో త్రీ నాట్ త్రీ రైఫిల్ మోసినవారు. ఆ రైఫిల్ దగ్గరే ఆగిపోయాను. మొదటి ప్రపంచ యుద్ధంలో మనవాళ్ళు దానితోనే ఫ్రాన్సు బురదలో నిలబడ్డారని చెప్పాను. అరవై రెండులో మంచుకొండల మీద, చైనావాళ్ళ ఆటోమేటిక్ తుపాకులకు ఎదురుగా కూడా అదే పట్టుకున్నారని చెప్పాను. ఆ తరవాత పోలీసుల చేతికి వచ్చిందని కూడా చెప్పి, వచ్చి కూర్చున్నాను. వెనక ఎవరో "ఆమేన్" అన్నారు.

భోజనాల దగ్గరికి ఆమె చెల్లెలు వచ్చింది.

"ఏంటి బావగారూ, అక్క గురించి వింటామని ఇంతదూరం వస్తే, తుపాకికి చేశారేంటండి జ్ఞాపకార్థం?"

"గొంతు పట్టేసిందమ్మా."

"తుపాకి కబుర్లకి పట్టలేదు కదండీ!"

అంటూనే నవ్వబోయి ఏడ్చేసింది. నేను విస్తరిలోంచి తల ఎత్తలేదు.

అందరి ముందూ ఏడుస్తానేమోనని భయపడి, అన్ని యుద్ధాల వెనక దాక్కున్నాను. సిగ్గుగా ఉంది. ఇంతసేపు రాసినా, ఇక్కడ కూడా ఆమె పేరు రాయలేదు.

సుగుణ.

చేపల పులుసు వండిన పూట ముట్టనిచ్చేది కాదు. మర్నాటికే రుచి అనేది.

ఇదొక్కటి చెప్పినా సరిపోయేది.