తోడికోడలి కారు

చి.సౌ. ఉషశ్రీకి,

ఫోన్లో అయితే నా కుళ్ళు గొంతులోనే తెలిసిపోతుందని ఉత్తరం రాస్తున్నా.

ఆదివారం నువ్వు నందిగామ నుంచి హైవే మీద కారు నడుపుకుంటూ జగ్గయ్యపేటలో మా గుమ్మం ముందు దిగావు. ముందు సీట్లో అత్తయ్యగారు పెళ్ళికూతురిలా కూర్చున్నారు. వీధంతా నిన్నే మెచ్చుకుంటుంటే నాకు ఒళ్ళు మండిపోయింది. తలనొప్పని చెప్పి వంటింట్లోంచి బయటికే రాలేదు. పెద్దకోడల్ని నేను. కారు మా ఇంట్లోనూ ఉంది, కవరు కప్పుకుని.

నువ్వు వెళ్ళిపోయాక, ఇక్కడే ఉండిపోయిన అత్తయ్యగారితో అన్నా. "దానికి ధైర్యం పుట్టుకతోనే వచ్చిందండీ. నాకు స్టీరింగ్ చూస్తేనే వణుకు."

ఆవిడ నవ్వారు. "దానికా ధైర్యం? దారి పొడుగునా చేతులు వణుకుతూనే ఉన్నాయి. అది వణుకుతూనే నడిపింది. నువ్వు వణుకు తగ్గాక నేర్చుకుందామని కూర్చున్నావు."

ఆ మాట నాకు మింగుడు పడలేదు. నిన్న పొద్దున్నే డ్రైవింగ్ స్కూల్లో చేరా. బండి నడిరోడ్డు మీద ఆగిపోయింది. వెనక లారీలు ఒకటే హారన్లు. చెమటలు పట్టేసినా మళ్ళీ స్టార్ట్ చేశా. ఇవాళ కూడా వెళ్ళొచ్చా.

నిన్ను చూసి చేరానని మాత్రం ఎవరితోనూ అనకు. అది నిజమే అయినా సరే.

ఇంకా కుళ్ళుకుంటూనే ఉన్న
మీ అక్క