గంజి గిన్నె

గుయ్‌చెన్ పెద్దమ్మా,

పక్కింట్లో ఉండి ఉత్తరమేమిటని తిట్టకండి. మీకు ముఖం చూపించలేకపోతున్నాను.

నాయనమ్మ తొంభై ఆరేళ్లు బతికింది. అలాంటి మనిషి కర్మ భోజనంలో గిన్నె దొంగిలిస్తే ఆ ఆయుష్షు తమ పిల్లలకు వస్తుందని ఊరంతా ఆశగా వచ్చింది. "ఆ రోజు గిన్నెలన్నీ దొంగలపాలు కావాల్రా, ఒక్కటి మిగిలినా నా పరువు పోతుంది" అనేది ఆవిడ. నేనేమో కడిగే పని తప్పుతుందని కాగితం గిన్నెలు తెప్పించాను.

నెలలు నిండకుండా పుట్టిన మీ మునిమనవడి కోసం మీరు ఆ కాగితం గిన్నెనే కడిగి సంచిలో దాచుకున్నారు. అది చూసి తలెత్తలేకపోయాను.

ఆవిడ రోజూ గంజి తాగిన పింగాణీ గిన్నె వంటింటి కిటికీలో పెట్టాను. నేను చేతికిస్తే ఫలం ఉండదుగా. రేపు పొద్దున తలుపు గడియ వేయను. పెరట్లో కోళ్లకు మేత వేస్తూ అటు తిరిగి ఉంటాను.

దయచేసి దొంగతనానికి రండి.