సీసం తలలు కాల్చిన ఓవెన్

బావగారికి,

మీరు చెప్పినట్టే చేపల గాలాలకు సీసం తలలు పోతపోసి, వేడిచేసి, రంగుపొడిలో ముంచాను. రంగు గట్టిపడడానికి ఇరవై నిమిషాలు ఓవెన్‌లో పెట్టమన్నారు. మా ఇంట్లో ఉన్నది ఒకటే ఓవెన్, మీ చెల్లెలు రొట్టె కాల్చేది. మూడు వారాలుగా అందులోనే పెడుతున్నాను.

నిన్న పొడి డబ్బా అడుగున చదివాను, వంటకు వాడే ఓవెన్‌లో పెట్టకూడదట. మీకు వేరే ఓవెన్ ఉందా, లేక మీరూ ఇలాగే చేస్తున్నారా? ప్రమాదం సీసంతోనో, రంగుతోనో నాకు తెలియడం లేదు. కడిగితే సరిపోతుందా? ఆమెకిప్పుడు ఐదో నెల.

ఈ ఉదయం రొట్టె నేను ముట్టలేదు. "ఏంటి, నా వంట మీద అలిగారా?" అంది. ఆకలి లేదన్నాను. "పోనీలెండి, ఇక్కడ తినేవాళ్లం ఇద్దరం ఉన్నాం" అని నా ముక్క కూడా తనే తినేసింది.

జవాబు ఇంటికి కాకుండా వర్క్‌షాపు అడ్రసుకు రాయండి.