సెన్సిటివ్ అంటే

నాన్నా,

ఇవాళ నీ సంవత్సరీకం. పొద్దున నీ ఫోటో దగ్గర దీపం పెట్టి, మయూర్ విహార్‌లో మా ల్యాబుకు వెళ్లిపోయాను. సెలవు పెట్టలేదు.

మధ్యాహ్నం నీ వయసు తెలుగాయన ఒకరు యూరిన్ కల్చర్ రిపోర్టు తీసుకున్నారు. ఏ మందుకు క్రిమి చస్తుందో, దేనికి లొంగదో అందులో రాసి ఉంటుంది. ఆయన కళ్లజోడు సర్దుకుని, "అమ్మా, ఈ మందుల పక్కన సెన్సిటివ్ అని ఉంది. అంటే ఇవి నా ఒంటికి పడవనేగా?" అన్నారు.

నాకు నవ్వు ఆగలేదు. పక్క సీటులో ఉన్న రేఖా దీదీకి హిందీలో చెప్తే ఆవిడా నవ్వింది. ఆ తర్వాతే, "కాదంకుల్, ఆ మందులకే క్రిమి చస్తుందని అర్థం. మీకు పనిచేసేవి అవే" అన్నాను.

ఆయన రిపోర్టు మడిచి జేబులో పెట్టుకున్నారు. "ఏమనుకోకమ్మా. మా అబ్బాయి డాక్టరే. వాణ్ణి అడిగితే నవ్వుతాడని నిన్నడిగాను" అన్నారు.

ఆసుపత్రిలో ఉన్నన్నాళ్లూ నీ రిపోర్టులు నువ్వే పదేపదే చదువుకునేవాడివి. నన్ను ఒక్క మాటా అడగలేదు. అన్నీ నేను చూసుకుంటానని నా మీద నమ్మకం అనుకున్నాను, నాన్నా.