ఆ ఫ్రీ బ్రేక్ సిలిండర్ మళ్ల తేకు

కిషనన్నా,

నైట్ డ్యూటీ నుంచి వచ్చి కారు ముట్టకు. తాళంచెవి వెతకకు, మెకానిక్ ఓంప్రకాశ్‌కు ఇచ్చి పోతున్న. నిన్న అమ్మను తీస్కొని మౌలాలి నుంచి వస్తుంటే దిగుడుల బ్రేకు పెడల్ కిందిదాకా పోయింది, బండి ఆగలే. హ్యాండ్‌బ్రేక్ గుంజి ఆపిన. మాకేం కాలే.

నువ్వు బ్రేక్ సిలిండర్ కొన్న షాపుకు ఫోన్ చేసిన. "లైఫ్‌టైమ్ గ్యారంటీ ఉంది కదమ్మా. పాత సిలిండర్ విప్పి తెండి. బిల్లు మీ అన్న పేరు మీదుంది, ఆయన్నే రమ్మనండి. కొత్తది ఫ్రీగా ఇస్తం" అన్నడు. ఇచ్చేది మళ్ల గసొంటిదే. రెండేండ్లల్ల మూడుసార్లు మార్చినం. మార్చి ఇస్తమని వాళ్ల గ్యారంటీ, బ్రేకు పడుతదని కాదు.

పదింటికి ఓంప్రకాశ్ వచ్చి వేరే కంపెనీది వేస్తడు. ఆయనతో కొట్లాడకు. చారు పొయ్యి మీదుంది, వేడి చేస్కో. నాకు రైలు టైమైంది.

సుకన్య

నీకు చెప్పొద్దన్నది అమ్మ. "వాడే దగ్గరుండి వేయించిండు, తెలిస్తే పరేషాన్ అయితడు" అన్నది. చెప్పకుంటే నువ్వు మళ్ల అదే తెస్తవని రాస్తున్న. నిద్రపోయి లేచినంక జెర ఆమె దగ్గర కూసో. నిన్నటి సంది గేటు దాటి బయటికి పోతలేదు.